మూత్రం పెంచే మాత్రతో మూత్రం తగ్గించడం

(రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఆ చివర ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ.

ఈ రోజు నేను ఒక్క మాత్ర గురించే మాట్లాడతాను. హైడ్రోక్లోరోథయాజైడ్. పేరు పొడుగ్గా ఉంది కానీ మీకు కొత్తదేం కాదు. ఈ హాల్లో బీపీ ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లాక మాత్రల అట్ట తీసి చూసుకోండి. కొన్ని బీపీ మాత్రల పేరు చివర హెచ్ అని ఒక అక్షరం ఉంటుంది. చాలావాటిలో ఆ హెచ్ ఇదే. మేం డైయూరెటిక్ అంటాం. మీరు ఒంట్లో నీరు లాగే మాత్ర అంటారు. వేసుకున్న కొత్తలో ఒంటికి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, అందుకే పొద్దున్నే వేసుకోమని చెబుతాం.

ఇదే మాత్రని, రోజుకి 8 లీటర్లు, 10 లీటర్లు ఒంటికి పోసే మనిషికి కూడా ఇస్తాం. అవునండీ, నీరు లాగే మాత్రనే. ఇస్తే ఏమవుతుంది? 10 లీటర్లు 12 అవ్వాలి కదా? అవదు. 6 అవుతుంది, ఒక్కోసారి 5 అవుతుంది. మెడికల్ కాలేజీలో మొదటిసారి విన్నప్పుడు మాలో ఎవరం నమ్మలేదు. ఇవాళ ఇక్కడున్న నర్సింగ్ విద్యార్థులు కూడా నమ్మకపోతే నేనేం అనుకోను. ఎందుకలా అవుతుందో తెలిస్తే, ఆ రోగి ఇంట్లో ఏం వండాలో, ఆసుపత్రిలో ఏ బాటిల్ ఎక్కించాలో కూడా తెలిసిపోతుంది. నాకు ఈ విషయం మీద ఇష్టం అందుకే.

ముందు జబ్బు సంగతి. డయాబెటిస్ ఇన్సిపిడస్. డయాబెటిస్ అనగానే షుగర్ అనుకుంటారు. షుగర్‌కి దీనికి సంబంధం లేదు. ఈ మనిషి రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది, మూత్రంలో చక్కెర ఉండదు. మూత్రం మాత్రం పంపు నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది, రోజుకి 3 లీటర్లు దాటుతుంది. జబ్బు గట్టిగా ఉంటే 10, 15 దాకా కూడా పోవచ్చు. ఎంత పోతుందో అంత దాహం. రాత్రి మంచం పక్కన చెంబు చాలదు, బిందె పెట్టుకోవాలి.

కారణం ఒక హార్మోన్. వాసోప్రెసిన్. మెదడులో తయారై పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో నిల్వ ఉంటుంది. కిడ్నీకి అది ఇచ్చే ఆజ్ఞ ఒకటే: నీళ్లు పోనివ్వకు, వెనక్కి తీసుకో. ఆ ఆజ్ఞ రెండు చోట్ల తప్పవచ్చు. ఆజ్ఞ ఇచ్చేవాడే లేకపోవచ్చు, అంటే పిట్యూటరీ ఆపరేషన్ అయినవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు, అక్కడ గడ్డ ఉన్నవాళ్లు. లేదా ఆజ్ఞ వచ్చినా కిడ్నీ వినకపోవచ్చు. మొదటి రకానికి మంచి మందు ఉంది, డెస్మోప్రెసిన్. ఆ హార్మోన్‌కే కొద్దిగా మార్పు చేసి తయారు చేసిందది. ముక్కులో కొట్టుకునే స్ప్రేగా, మాత్రగా దొరుకుతుంది. వాడితే ఆ రోజే తేడా తెలుస్తుంది. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, అది దారి తెలిసిన కేసు.

రెండో రకమే కష్టం. కిడ్నీ వినదు. వినని చెవిలో ఎంత అరిచినా లాభమేముంది? డెస్మోప్రెసిన్ ఎంత ఇచ్చినా ఆ మూత్రం చిక్కబడదు. కొందరు పిల్లలు ఇలాగే పుడతారు. పుట్టుకతో వచ్చే ఈ రకంలో పదింట తొమ్మిది కేసుల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద, ఆ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ జన్యువులో ఉంటుంది. అందుకే ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా చూసేది లిథియం వల్ల. మానసిక జబ్బుకి ఏళ్ల తరబడి లిథియం వాడేవాళ్లలో. ఆ మందు మానేయమని తేలిగ్గా అనకండి, దాంతోనే ఆ మనిషి నిలబడి ఉంటాడు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

సరే, కిడ్నీ వినడం లేదు. మరి నీరు లాగే మాత్ర అక్కడ ఏం చేస్తుంది?

కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చాలామందే ఉన్నారు. అయితే నా పని సులువు. ఒక పెద్ద కాలువ అనుకోండి. తల దగ్గర రోజుకి 180 లీటర్లు వదులుతారు. నిజంగానే మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకి అంత వడపోస్తాయి. కాలువ తల దగ్గరి ఎగువ రైతులు అందులో మూడింట రెండు వంతులు లాగేసుకుంటారు, అంటే 120 లీటర్లు. వాళ్లకి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు, హార్మోన్ ఉన్నా లేకున్నా లాగుతారు. మధ్యలో ఇంకొంత పోతుంది. చివరి ఆయకట్టుకి చేరేది సుమారు 18, 20 లీటర్లు. ఈ చివర్లో తూములు ఉంటాయి. వాసోప్రెసిన్ వచ్చి ఆ తూములు తెరిస్తే నీళ్లు పొలాల్లోకి, అంటే రక్తంలోకి వెళ్లిపోతాయి, లీటరున్నరో రెండు లీటర్లో మాత్రం మురుగు కాలువలోకి పోతాయి. అదే మన మూత్రం. ఆ తూములు తెరుచుకోకపోతే చివరికి చేరిన నీళ్లలో చాలా భాగం మురుగు కాలువ పాలే. మన రోగి పరిస్థితి అదీ.

ఇప్పుడు చెప్పండి. చివరి తూములు బాగుచేసే దారి లేదు. మురుగులోకి పోయే నీళ్లు తగ్గించాలంటే ఏం చేయాలి? ... ఆ, అక్కడ అమ్మగారు చెప్పారు చూడండి. చివరికి చేరే నీళ్లే తగ్గించాలి. ఎగువన ఇంకా ఎక్కువ లాగేలా చేయాలి. ఆ మాత్ర చేసే పని సరిగ్గా అదే.

ఎలాగంటే, థయాజైడ్ పట్టుకునేది నీటిని కాదు, ఉప్పుని. కాలువ చివరికి కాస్త ముందు, సోడియం, క్లోరైడ్ రెండింటినీ కలిపి లోపలికి లాగే ఒక ద్వారం ఉంది. ఈ మాత్ర దాన్ని మూసేస్తుంది. దాంతో మొదటి ఒకటి రెండు రోజులు ఉప్పు మూత్రంలో బయటికి పోతుంది. ఒంట్లో ఉప్పు కొద్దిగా తగ్గుతుంది, ఉప్పుతో పాటు రక్తం పరిమాణం కూడా కొద్దిగా తగ్గుతుంది. కొద్దిగానే, కళ్లు తిరిగి పడిపోయేంత కాదు. శరీరం ఊరుకుంటుందా? ఒంట్లో ఉప్పు తగ్గింది, దొరికినంత పట్టుకోండి అని ఎగువకి కబురు వెళుతుంది. ఎగువ భాగం ఉప్పుని ఇంకా గట్టిగా లాగుతుంది. ఉప్పు వెళ్లిన చోటికి నీళ్లు వెంట వెళతాయి. పైగా తల దగ్గర వడపోత కూడా కొంచెం తగ్గుతుంది.

ఊరికే లెక్క కోసం చూద్దాం, కచ్చితమైన అంకెలు అనుకోవద్దు. 180 కాస్తా 162 అయింది. మూడింట రెండు వంతులు లాగే ఎగువ భాగం ఇప్పుడు నాలుగింట మూడు వంతులు లాగుతోంది. ఇదివరకు ఎగువ దాటి 60 లీటర్లు వచ్చేవి, ఇప్పుడు 40. చూశారా? రెండు చిన్న మార్పులు, కానీ దిగువకి వచ్చేది మూడో వంతు తగ్గింది. తూములు పాడైతే పాడయ్యాయి, వాటి దగ్గరికి అసలు అన్ని నీళ్లే రావడం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. ఈ మాత్ర పనిచేసే చోటే కిడ్నీ మూత్రాన్ని పల్చబరుస్తుంది, అంటే నీటిని వదిలేసి ఉప్పుని మాత్రం వెనక్కి తీసుకుంటుంది. ఆ పని ఆగితే మూత్రం మునుపటంత పల్చగా ఉండదు. లిథియం వాడిన ఎలుకలకి థయాజైడ్ ఇస్తే చివరి తూముల సంఖ్యే కొంత పెరిగినట్టు కూడా చూశారు. అందుకని ఎగువ కథే మొత్తం కథ అని నేను అనను. కానీ రోగి మంచం పక్కన పనికొచ్చేది ఎగువ కథే.

దీన్ని ఎప్పుడు కనిపెట్టారు? మొదటి థయాజైడ్ మందు, క్లోరోథయాజైడ్, 1958లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే, 1959లో, జాన్ క్రాఫర్డ్, గోర్డన్ కెన్నెడీ అనే ఇద్దరు ఈ జబ్బులో అది మూత్రాన్ని తగ్గిస్తోందని నేచర్ పత్రికలో రాశారు. 1962లో అమెరికాలో లారెన్స్ ఎర్లీ, జాక్ ఆర్లాఫ్ అసలు కిటుకు పట్టుకున్నారు. నాకు చాలా నచ్చిన పని అది. హార్మోన్‌కి లొంగని రోగులకి మాత్ర ఇచ్చారు, మూత్రం తగ్గింది. మాత్ర వల్ల పోయిన ఉప్పుని మళ్లీ తినిపించారు. ఏమైంది? తగ్గిన మూత్రం మళ్లీ పెరిగింది. మాత్ర ఒంట్లోనే ఉంది, ఉప్పు వెనక్కి రాగానే దాని ఫలితం పోయింది. అంటే మూత్రం తగ్గించింది మాత్ర కాదండీ. ఒంట్లో ఉప్పు తగ్గడం. ఆ ఉప్పుని తగ్గించే పనిముట్టు మాత్ర, అంతే.

ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెబుతున్నా. మాత్ర వేసుకుంటూ ఆవకాయ తింటే మాత్ర వేసుకోనట్టే.

నవ్వుతున్నారు కానీ లెక్క చూపిస్తాను. మనం తిన్న ఉప్పు, మాంసకృత్తుల నుంచి వచ్చే యూరియా, ఇవన్నీ రోజూ మూత్రంలో కరిగి బయటికి పోవాల్సిందే. డాక్టర్లు వీటిని మిల్లీఆస్మోల్ అని కొలుస్తారు, నేను యూనిట్లు అంటాను. మామూలు భోజనం చేసే మనిషికి రోజుకి 800 యూనిట్లు అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ లీటరు మూత్రంలో 600 యూనిట్లు సులువుగా పట్టిస్తుంది, లీటరు మీద పావు, లీటరున్నరలో పని అయిపోతుంది. మన రోగి కిడ్నీ లీటరుకి 100 యూనిట్లే పట్టించగలదు అనుకోండి. 800 బయటికి పోవాలంటే ఎన్ని లీటర్లు కావాలి? 8. ఇందులో అతను ఎన్ని నీళ్లు తాగాడన్న ప్రశ్నే లేదు. తాగకపోయినా పోతాయి, తాగకపోతే ఒళ్లు ఎండిపోతుంది. అందుకే నీళ్లు తగ్గించు, మూత్రం తగ్గుతుంది అని ఎవరైనా ఆ పిల్లాడికి చెబితే దయచేసి ఆపండి. ప్రమాదం అది.

ఇప్పుడు ఉప్పు. ఒక గ్రాము ఉప్పు అంటే 34 యూనిట్లు. లీటరుకి వంద పట్టించే కిడ్నీకి, ఒక్క గ్రాము ఉప్పు అంటే 340 మిల్లీలీటర్ల మూత్రం. పెద్ద గ్లాసుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు తినమంటుంది. మనం తినేది అంతకంటే బాగా ఎక్కువే. పది గ్రాములు తినేవాడు అయిదుకి దిగితే, ఏ మాత్రా లేకుండానే లీటరున్నర పైన తగ్గినట్టు. రాత్రి రెండుసార్లు తక్కువ లేస్తాడు. ఆ నిద్ర విలువ ఆ ఇంటివాళ్లకే తెలుసు.

మన ఇళ్లలో ఉప్పు ఎక్కడుంటుందో నేను చెప్పాలా? వంటలో వేసేదే ఎక్కువ భాగం. ఆ పైన ఇవి. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు. ఇప్పుడు పిల్లలకి పొట్లాల్లో వచ్చే చిప్సు, నూడుల్సు. మజ్జిగలో వేసే చిటికెడు కూడా లెక్కే. యూరియా కూడా తగ్గిద్దామని పిల్లలకి పప్పు, గుడ్డు, పాలు మాన్పించకండి, ఎదిగే వయసు. పెద్దవాళ్లలో మాంసకృత్తులు అతిగా ఉంటే తగ్గిస్తాం, అంతే.

ఒక తల్లి గురించి చెప్పాలి. ఎనిమిది నెలల బాబు. ఎప్పుడూ ఒళ్లు వెచ్చగా ఉండేది, మలబద్ధకం, బరువు పెరగడు. జ్వరం మందులు చాలా పడ్డాయి. ఆమె మాతో అన్న మాట ఏంటంటే, పాలసీసా తోసేస్తాడు సార్, నీళ్ల గ్లాసు చూస్తే మాత్రం మీద పడతాడు. రక్తం తీస్తే సోడియం 158. ఉండాల్సింది 145 లోపు. ఆ తల్లి తర్వాత వంటింటి త్రాసు మీద పొడి డైపరు తూచి, తడి డైపరు తూచి, తేడా ఒక నోటు పుస్తకంలో రాసుకొచ్చేది. గ్రాముకి ఒక మిల్లీలీటరు. మేం వార్డులో ఛార్టు రాసేదానికంటే అది నయం. మాత్ర మొదలుపెట్టాక ఆ పుస్తకంలో అంకెలు దిగడం మొదలైంది. మధ్యలో ఒక వారం మళ్లీ పెరిగాయి. ఏమైందమ్మా అంటే, ఊరి నుంచి అమ్మమ్మ వచ్చి అన్నంలో ఉప్పు, నెయ్యి కలిపి పెట్టిందట. నెయ్యితో నాకు పేచీ లేదు.

మాత్ర ఒక్కటే ఇవ్వం, సాధారణంగా దానికి తోడు అమిలోరైడ్ ఇస్తాం. ఎందుకు? థయాజైడ్ పొటాషియాన్ని పోగొడుతుంది. పొటాషియం బాగా తగ్గితే కిడ్నీ ఇంకా వినదు, అంటే మందే జబ్బుని పెంచినట్టవుతుంది. అమిలోరైడ్ పొటాషియాన్ని నిలుపుతుంది. లిథియం వాడేవాళ్లలో అది ఇంకో మేలు చేస్తుంది. లిథియం కిడ్నీ చివరి కణాల్లోకి దూరేది సోడియం వెళ్లే ఒక సన్నని ద్వారంలోంచి. అమిలోరైడ్ ఆ ద్వారాన్నే మూస్తుంది. లిథియం లోపలికి పోదు, కణానికి హాని తగ్గుతుంది. ఇది 1985 నాటికే రోగుల్లో చూపించారు.

లిథియం వాడేవాళ్లు ఒక మాట జాగ్రత్తగా వినాలి. థయాజైడ్ మొదలుపెడితే ఎగువ భాగం ఉప్పుని గట్టిగా లాగుతుందని చెప్పాను కదా. అది ఉప్పుకీ లిథియానికీ తేడా చూడదు. రెండింటినీ లాగుతుంది. రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం. అందుకని సైకియాట్రిస్టుకి చెప్పకుండా, లిథియం మోతాదు చూసుకోకుండా, రక్త పరీక్షలు చేయకుండా ఈ మాత్ర మొదలుపెట్టకూడదు. బీపీకని పక్క డాక్టరు రాసినా సరే.

ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు కూడా కొందరు పిల్లలకి కలిపి ఇస్తారు. బాగానే పనిచేస్తుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ మీద భారం, అందుకే నేను కొంచెం వెనకాడతాను.

ఇక్కడ ముందు వరుసలోంచి ఒకాయన అడుగుతున్నారు, నీరు లాగే మాత్రే కదా, లేసిక్స్ ఇస్తే సరిపోదా అని. మంచి ప్రశ్న. సరిపోదు. లేసిక్స్‌లో ఉండే మందు ఫ్యూరోసెమైడ్, అది పనిచేసే చోటు వేరు. కిడ్నీ లోపలి భాగం ఉప్పగా ఉండాలి, ఆ ఉప్పదనమే నీటిని వెనక్కి లాగే బలం. లేసిక్స్ ఆ బలాన్నే తీసేస్తుంది. థయాజైడ్ దాని జోలికి వెళ్లదు. రెండూ డైయూరెటిక్సే, ఒకదాని బదులు ఇంకోటి మాత్రం కాదు.

ఇంకొకరికి కూడా ఈ మాత్ర ఇవ్వకూడదు. జబ్బేమీ లేకుండా, అలవాటుగానో మానసిక కారణం వల్లో బకెట్లు బకెట్లు నీళ్లు తాగేవాళ్లు ఉంటారు. వాళ్లకీ మూత్రం ఎక్కువే, అదీ పల్చగానే ఉంటుంది. చూడ్డానికి ఒకటే. కానీ వాళ్ల ప్రాణం నిలిచేది కిడ్నీ ఆ నీళ్లని పల్చగా బయటికి పంపగలగడం వల్లే. మనం వెళ్లి ఆ దారి మూస్తే, వాళ్లు తాగడం ఆపరు, రక్తంలో సోడియం పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. అందుకే ముందు పరీక్ష. నీళ్లు ఆపి చూసే పరీక్ష ఆసుపత్రిలో, బరువు చూసుకుంటూ, సోడియం చూసుకుంటూ చేయాలి. ఇంట్లో ప్రయత్నించేది కాదు.

చివరగా బాటిల్ సంగతి. మన ఊళ్లలో నీరసంగా ఉంటే ఒక సెలైన్ ఎక్కించండి డాక్టరుగారూ అంటారు. ఈ జబ్బున్న పిల్లాడికి వాంతులయ్యాయి, తాగలేకపోతున్నాడు, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లారు, సెలైన్ పెట్టారు. అర లీటరు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, 154 యూనిట్లు. లీటరుకి వంద పట్టించే కిడ్నీ ఆ ఉప్పుని పంపడానికి లీటరున్నర మూత్రం పోయాలి. ఎక్కించింది అర లీటరు, పోయేది లీటరున్నర. లీటరు నీళ్లు ఒంట్లోంచే పోయాయి! బాటిల్ పెట్టేకొద్దీ సోడియం పెరుగుతుంది. షాక్‌లో ఉంటే, బీపీ పడిపోతే, అప్పుడు సెలైన్ తప్పదు, ఎక్కించాలి. అది కాకపోతే వీళ్లకి కావాల్సింది నీళ్లు. నోటి ద్వారా వీలైతే మామూలు నీళ్లే, లేకపోతే 5 శాతం డెక్స్‌ట్రోజు, అంటే గ్లూకోజు బాటిల్, అదీ మరీ వేగంగా కాదు, షుగర్ పెరిగితే అదీ నీళ్లని మూత్రంలోకి తోస్తుంది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ఇవ్వాలి, దాంతో పాటు మామూలు నీళ్లు కూడా. వాంతులు, విరేచనాల్లో ఒళ్లు ఎండిపోతుంటే ఆ థయాజైడ్ మాత్ర ఆపాలా అని డాక్టర్ని అడగండి, చాలాసార్లు ఆపమనే అంటాం.

2009లో లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో 22 ఏళ్ల యువకుడు చనిపోయాడు. పిట్యూటరీ వల్ల వచ్చిన రకం. తుంటి ఆపరేషన్‌కి చేరాడు. అతని హార్మోన్ మందు ఇవ్వలేదు, నీళ్ల కోసం గొడవ చేస్తే మతి తప్పి అరుస్తున్నాడనుకున్నారు. అతను మంచం మీంచి పోలీసులకి ఫోన్ చేశాడు, నీళ్లు ఇవ్వడం లేదని. దాహంతో పోయాడు, ఆసుపత్రి మధ్యలో. 2022లో ఈ జబ్బు పేరు మార్చడానికి ఇలాంటివే ఒక కారణం. పేరులో డయాబెటిస్ చూసి సిబ్బంది షుగర్ చెక్ చేసి ఊరుకుంటున్నారని. కొత్త పేర్లు వాసోప్రెసిన్ లోపం, వాసోప్రెసిన్ నిరోధకత. మన దగ్గర ఇంకా పాత పేరే నడుస్తోంది.

కాబట్టి ఇంట్లో ఈ జబ్బున్నవాళ్లు ఒక కార్డు రాయించుకోండి. పాత పేరూ, కొత్త పేరూ రెండూ ఉండాలి. షుగర్ జబ్బు కాదు అని పెద్ద అక్షరాల్లో. నీళ్లు ఎప్పుడూ ఆపవద్దు. ఆపరేషన్‌కి ఉపవాసం పెట్టాల్సి వస్తే ముందే డ్రిప్ పెట్టాలి, షాక్ లేకపోతే సెలైన్ ఒక్కటే ఎక్కించవద్దు, సోడియం చూడాలి. వాడుతున్న మందులు, మోతాదులు. మీ డాక్టరు ఫోను నంబరు. బడికి వెళ్లే పిల్లలైతే టీచరుకి ఒక కాపీ ఇవ్వండి, క్లాసు మధ్యలో బయటికి వెళ్లనిచ్చేలా, నీళ్ల సీసా బెంచీ మీదే ఉంచుకోనిచ్చేలా. ఆ పిల్లాడు ఊరికే లేస్తున్నాడని కోప్పడకుండా ఉంటారు.

ఇక మీ ప్రశ్నలు. ముందు ఆ వెనక వరుస వాళ్లవి, వాళ్లు ఇందాకటి నుంచి చెయ్యెత్తి కూర్చున్నారు.